వేసవి చదువు వెలిగండ్ల దాకా రావాలంటే...

బడులకు వేసవి సెలవులు ప్రకటించిన రోజున పిల్లలందరికీ ఒకే రకమైన సెలవులు వచ్చినట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి పిల్లలు రెండు వర్గాలుగా విడిపోయేది ఆ రోజే. ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు వంటి పట్టణాల్లో ఫీజు కట్టగల ఇంటి పిల్లవాడు వారం తిరక్కుండానే స్పోకెన్ ఇంగ్లీషు, కంప్యూటరు, చదరంగం, ఈత, ఫౌండేషన్ కోర్సు అంటూ మరో బడిలో చేరిపోతాడు. పశ్చిమ ప్రకాశంలోని వెలిగండ్ల వంటి మండలంలో జిల్లా పరిషత్తు హైస్కూలుకు వెళ్లే పిల్లవాడికి ఆ రోజుతో పుస్తకం మూతపడుతుంది. మధ్యాహ్న భోజనం కూడా ఆగిపోతుంది.

రాష్ట్రంలో 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు, బడులకు వేసవి సెలవులు ఇచ్చారు. లెక్కకు ఏడు వారాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి గంటల బోధన ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. బడి జరగవలసిన రోజుల గురించి చట్టం శ్రద్ధ తీసుకుంది. బడి లేని రోజుల్లో పేదవాడి బిడ్డ ఏమవుతాడనే ప్రశ్న మాత్రం ఆ ఇంటికే వదిలేసింది. ఈ ఏడు వారాల గురించి మన పెద్దలు, ముఖ్యంగా మస్జిదు కమిటీలు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గట్టిగా ఆలోచించవలసిన సమయం వచ్చింది.

సెలవుల్లో ఆ పిల్లలు ఎక్కడ?

వెలిగండ్ల, హనుమంతునిపాడు, చంద్రశేఖరపురం, పామూరు, కనిగిరి మండలాల పరిస్థితి తెలియనిది కాదు. వాన మీద ఆధారపడిన సేద్యం, తాగునీటిలో ఫ్లోరైడ్, పనుల కోసం వలస, ఈ మూడింటితోనే అక్కడి బతుకు గడుస్తోంది. బేల్దారి పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరాలకు వెళ్లే కుటుంబాలు ఎన్నో. బడి ఉన్నన్నాళ్లు పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్లినవారు సెలవులు రాగానే వెంట తీసుకుపోతారు. ఊళ్లోనే ఉండిపోయిన పిల్లలు గొర్రెలు, గేదెల వెంట వెళతారు. ముస్లిం ఇళ్లలోనైతే మగపిల్లవాడు మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి దగ్గరో, మాంసం దుకాణంలోనో, పరుపులు కుట్టే నాన్న పక్కనో కనిపిస్తాడు. ఆడపిల్ల మిషను ముందు కూర్చుంటుంది, లేదా చిన్నపిల్లల్ని ఎత్తుకుంటుంది.

ఇంటి పనిలో చేయి వేయడం తప్పు కాదు. కానీ ఇక్కడొక సంగతి గమనించాలి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, బడి వేళలు ముగిశాక గానీ, సెలవుల్లో గానీ పిల్లలు కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని, అది ప్రమాదకరమైన పని కాకుంటే చాలునని వెసులుబాటు ఇచ్చారు. అంటే పేదవాడి బిడ్డకు వేసవి పనికాలమని చట్టమే ఒప్పుకున్నట్టయింది. ఉన్నవాడి బిడ్డకు అదే వేసవి అదనపు చదువు కాలం. ఒకే ఏడు వారాలు ఒకరిని ముందుకు తీసుకువెళుతుంటే మరొకరిని ఉన్నచోటే నిలబెడుతున్నాయి. జూన్‌లో బడి తెరిచాక ఇద్దరికీ ఒకే పాఠం, ఒకే పరీక్ష.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ తేడా ఊహ కాదనడానికి దేశవిదేశాల్లో జరిగిన పరిశోధనలు ఉన్నాయి. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1982లో ఒకటో తరగతిలో చేరిన సుమారు 800 మంది పిల్లల చదువును జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి పరిశీలించారు. కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్విజిల్ తదితరులు 2007లో ప్రకటించిన ఫలితం విద్యారంగంలో పెద్ద చర్చకు దారితీసింది. బడి నడిచే నెలల్లో పేద పిల్లలు, సంపన్నుల పిల్లలు దాదాపు సమానంగానే నేర్చుకుంటున్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వారి నడుమ చదవడంలో కనిపించిన తేడాలో మూడింట రెండు వంతులు ప్రాథమిక తరగతుల నాటి వేసవుల్లో ఏర్పడినదేనని వారు తేల్చారు.

ఈ నిర్ణయాన్ని అందరూ అంగీకరించలేదు. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ వాన్ హిప్పెల్ కొత్త పరీక్షల లెక్కలతో పోల్చి చూసి, ఆ తేడా అంత పెద్దదిగా కనిపించడం లేదని, బడిలో చేరకముందే అసమానత చాలావరకు ఏర్పడిపోతోందని వాదించారు. కాబట్టి అమెరికా అంకెను తెచ్చి వెలిగండ్లకు అతికించడం సరికాదు. అయితే ఆయన కూడా ఒక మాట అంగీకరించారు. వేసవిలో పిల్లలందరి చదువూ మందగిస్తుంది గనుక, వెనుకబడినవారు ముందున్నవారిని అందుకోవడానికి ఆ కాలమే మంచి అవకాశం. మనకు కావలసిన మాట ఇదే.

మన దేశపు అనుభవం ఇంకా దగ్గరిది. 2008 జూన్‌లో బీహారు ప్రభుత్వ బడుల్లో ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో నెల రోజుల వేసవి శిబిరాలు నడిపారు. మూడు నుంచి ఐదు తరగతుల్లో చదవడం, లెక్కలు సరిగా రాని పిల్లలకు ప్రభుత్వ ఉపాధ్యాయులే పాఠాలు చెప్పారు. ఆ ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తల్లో 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. నెల రోజుల్లోనే పిల్లల చదువు చెప్పుకోదగినంత మెరుగుపడిందని తేలింది. అవే పుస్తకాలు, అదే శిక్షణ ఉపాధ్యాయులకిచ్చి మామూలు బడి రోజుల్లో వాడమన్నప్పుడు మాత్రం అంత ఫలితం రాలేదు. కారణం ఊహించదగినదే. బడి రోజుల్లో ఉపాధ్యాయుడు సిలబస్ వెంట పరుగెత్తాలి. వేసవిలో ఆ పరుగు ఉండదు. పిల్లవాడు ఆగిన చోటికి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టే తీరిక దొరుకుతుంది.

ఇది చిన్నపిల్లలకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతపై అసర్ సంస్థ 2023లో జరిపిన సర్వే ప్రకారం నూటికి 25 మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోతున్నారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతమే. హైస్కూలు దాటే వయసులో ఈ పరిస్థితి ఉంటే, హైస్కూలు వేసవులు ఎంత విలువైనవో వేరే చెప్పనక్కర్లేదు.

ఏడు, ఎనిమిది తరగతుల నడుమ వేసవి

అన్ని వేసవుల్లోకీ ఒక వేసవి ముఖ్యమైనది. అది ఏడో తరగతి ముగిసి ఎనిమిదో తరగతిలో చేరబోయే ముందు వచ్చేది. ఎందుకంటే నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి. కేంద్రం 2008లో ప్రారంభించిన ఈ పథకం కింద ఏటా దేశవ్యాప్తంగా లక్ష మంది విద్యార్థులను ఎంపిక చేస్తారు. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, నాలుగేళ్లకు 48,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమవుతాయి. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. ప్రైవేటు బడుల వారికి, ప్రభుత్వమే వసతి, భోజనం పెట్టి చదివించే గురుకులాల వారికి ఇందులో ప్రవేశం లేదు. అంటే వెలిగండ్ల జిల్లా పరిషత్తు హైస్కూలు పిల్లవాడు కార్పొరేట్ బడి పిల్లవాడితో పోటీపడనక్కర్లేని అరుదైన పరీక్ష ఇది.

పరీక్షలో రెండు పత్రాలు ఉంటాయి. ఒక్కొక్కటి 90 మార్కులకు, 90 నిమిషాలు. ఒకటి ఆలోచనా శక్తికి సంబంధించినది. సంఖ్యల వరుస, పోలికలు, సంకేతాలు, బొమ్మల్లో తేడాలు వంటి ప్రశ్నలు ఇందులో వస్తాయి. రెండోది ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం. చిక్కంతా మొదటి పత్రంతోనే. అలాంటి ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. తెలివైన పిల్లవాడైనా మొదటిసారి చూసినప్పుడు తికమక పడతాడు. నెల రోజులు సాధన చేసినవాడికి అవి ఆటలా అనిపిస్తాయి. జూన్‌లో బడి తెరిచాక ఉపాధ్యాయుడికి సిలబస్ ఒత్తిడి మొదలవుతుంది, పరీక్ష ఏడాది చివరి నెలల్లో వచ్చిపడుతుంది. సాధనకు తీరికైన కాలం వేసవి ఒక్కటే.

ముస్లిం పాఠకులకు ఇందులో మరో ముఖ్య విషయం ఉంది. మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పును 2022లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి నిలిపివేసి, తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. చిన్న మొత్తమే అయినా ఆ డబ్బుకు ఆశపడి బిడ్డను బడి మానిపించకుండా ఉంచిన ఇళ్లు ఉన్నాయి. ఆ దారి మూసుకున్నాక, అన్ని మతాల పేద పిల్లలకూ తెరిచి ఉన్న ఈ పరీక్ష విలువ మరింత పెరిగింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పిన మాటను మనం సభల్లో పదేపదే గుర్తుచేసుకుంటాం. మన వీధిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఎందరున్నారు, వారిలో ఎందరు ఈ పరీక్షకు దరఖాస్తు చేశారు అని మాత్రం లెక్క వేసుకోం.

తొమ్మిదో తరగతి వారికి మరో ద్వారం ఉంది. ఇస్రో 2019లో ప్రారంభించిన యువికా కార్యక్రమం సరిగ్గా వేసవి శిక్షణే. ఎంపికైన తొమ్మిదో తరగతి విద్యార్థులు రెండు వారాల పాటు శ్రీహరికోట వంటి ఇస్రో కేంద్రాల్లో ఉండి శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకుంటారు. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చులన్నీ ఇస్రో భరిస్తుంది. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు పెద్దపీట వేస్తారు. పంచాయతీ ప్రాంతపు బడుల్లో చదివేవారికి అదనపు వెయిటేజి ఇస్తారు. పదో తరగతి మార్కుల ఆధారంగా సీట్లిచ్చే ట్రిపుల్ ఐటీల్లోనూ ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత వెసులుబాటు ఉంది. పల్లెబడిలో చదవడం ఈ చోట్ల బలహీనత కాదు, బలం. విచారకరమైన విషయం ఏమిటంటే, ఎవరి కోసం ఆ తలుపు తెరిచారో వారికి తలుపు ఉందన్న సంగతే తెలియదు.

భోజనం లేని చోట తరగతి నిలవదు

వేసవి తరగతులు పెట్టినా పిల్లలు రారని, వచ్చినా నాలుగు రోజుల్లో మానేస్తారని ఉపాధ్యాయులు అంటుంటారు. ఇందులో నిజముంది. కానీ కారణాన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యంలో వెతికితే లాభం లేదు, పొయ్యి దగ్గర వెతకాలి. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం అన్నం, గుడ్డు బడిలోనే దొరుకుతాయి. సెలవుల్లో ఆ పూట భారం ఇంటి మీద పడుతుంది. కరువు నేలలో, పనులు దొరకని ఎండాకాలంలో అది చిన్న భారం కాదు.

ఈ విషయంలో సర్వోన్నత న్యాయస్థానం ఎప్పుడో స్పష్టత ఇచ్చింది. ఆహార హక్కు కేసులో 2004 ఏప్రిల్ 20న ఇచ్చిన ఉత్తర్వులో, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2016 మే నెలలో స్వరాజ్ అభియాన్ కేసులో మరోసారి అదే మాట చెప్పింది. ఆ కేసులో పేర్కొన్న పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. పశ్చిమ ప్రకాశం మండలాలు కరువు జాబితాలోకి ఎక్కడం కొత్త విషయం కాదు. కాబట్టి కరువు ప్రకటించిన ఏడాది వేసవి భోజనం కోసం ఎవరూ దయాదాక్షిణ్యాలు వేడుకోనక్కర్లేదు. ఆ ఉత్తర్వును అమలు చేయమని అడిగితే చాలు.

ఖర్చు ఎంతవుతుందో చూద్దాం. 2025 మే 1 నుంచి కేంద్రం సవరించిన రేట్ల ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లవాడికి పూటకు సరుకుల ఖర్చు 10 రూపాయల 17 పైసలు. నలభై మంది పిల్లలకు ముప్పై రోజులు పెడితే 12,204 రూపాయలు. బియ్యం, వంటవారి గౌరవ వేతనం, రాష్ట్రం అదనంగా ఇచ్చే గుడ్డు, చిక్కీ వంటివి దీనికి వేరు. అయినా ఒక పోలిక చూడండి. నలభై మందికి నెల రోజుల సరుకుల ఖర్చు, ఒక్క పిల్లవాడు స్కాలర్‌షిప్పు గెలిస్తే ఒక్క ఏడాదికి వచ్చే డబ్బుతో దాదాపు సమానం. నలభై మందిలో ఒక్కడు గెలిచినా నాలుగేళ్లలో ఊరికి అంతకు నాలుగింతలు తిరిగి వస్తుంది. మిగిలిన 39 మందికి వచ్చిన చదువు, నిండిన కడుపు ఈ లెక్కలో చేరనేలేదు.

ఆడపిల్లకు వేసవి అంటే...

వేసవి పెళ్లిళ్ల కాలం కూడా. సెలవుల ముందు ఎనిమిదో తరగతో, తొమ్మిదో తరగతో చదివిన ఆడపిల్ల జూన్‌లో బడికి రాకపోతే, చాలాసార్లు అప్పటికి నిశ్చయమో పెళ్లో జరిగిపోయి ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. దేశపు సగటు 23.3 శాతం. మనం దేశం కంటే వెనుక ఉన్నాం. ఉచిత నిర్బంధ విద్య హామీ పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. అంటే ప్రమాదం మొదలయ్యే వయసులోనే రక్షణ ముగుస్తోంది.

వేసవి తరగతి ఆడపిల్లకు పాఠం చెప్పడంతో ఆగదు. ఏడు వారాలూ ఆమెను నలుగురి కళ్ల ముందు ఉంచుతుంది. రోజూ హాజరు పలికే టీచరమ్మ ఉన్నప్పుడు, రాని పిల్ల ఎందుకు రాలేదని అడిగే మనిషి ఉన్నట్టే. స్కాలర్‌షిప్పుకు కూర్చోబోయే పిల్ల చదువును ఆపాలంటే ఇంట్లోవారు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆడపిల్లలు రావాలంటే తరగతి ఇంటికి దగ్గర్లో ఉండాలి, బోధించేవారిలో స్త్రీ ఉండాలి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరాలి.

ఉన్నవి ఏమిటి? అందనివి ఎందుకు?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. గ్రంథాలయ సంస్థలు వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతున్నాయి. క్రీడా ప్రాధికార సంస్థలు వేసవి శిక్షణ శిబిరాలు పెడుతున్నాయి. పదో తరగతి తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్షల కోసం పాఠాలు చెబుతారు. కాగా, గ్రంథాలయ శిబిరం పట్టణంలోనో, మండల కేంద్రంలోనో జరుగుతుంది. శివారు పల్లె పిల్లవాడు సెలవుల్లో బస్సు ఛార్జీ పెట్టుకుని ఎండలో అక్కడికి రాలేడు. సప్లిమెంటరీ పాఠాలు ఓడినవారిని లేపడానికి పనికొస్తాయి. ఏడో తరగతిలో చురుకుగా ఉండి, తోడు లేక వెనుకబడిపోయే పిల్లవాడి గురించి పట్టించుకునేవారు లేరు.

పల్లెకు పుస్తకం చేరదన్న నిరాశ కూడా అక్కర్లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కాలువలున్న నేలలో పుస్తకం పడవెక్కి పల్లెకు వెళ్లింది. కాలువలు లేని వెలిగండ్లకు ఆర్టీసీ బస్సు ఉంది. మండల గ్రంథాలయం నుంచి యాభై పుస్తకాల పెట్టె వారానికొక ఊరికి వెళ్లి రావడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. మనం కట్టే ఇంటి పన్నుతో పాటే గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నామని చాలామందికి తెలియదు. తెలిసినవారైనా ఆ డబ్బుకు తగిన సేవ తమ ఊరికి కావాలని అడగాలి.

వేసవి పాఠశాల ఈ గడ్డకు కొత్త కాదని కూడా గుర్తుచేయాలి. 1937 మే నెలలో ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో యువకుల కోసం రాజకీయ, ఆర్థిక శాస్త్రాల వేసవి పాఠశాల పెట్టారు. నాటి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అయినా పాఠశాల నడపబోతే లాఠీలతో కొట్టించింది. వేసవి చదువును అడ్డుకోవడానికి ఆనాడు పోలీసులు కావలసి వచ్చారు. ఈనాడు మన ఉదాసీనత ఒక్కటే సరిపోతోంది.

మస్జిదు కమిటీలు చేయగలిగింది

వేసవిలో దీనీ తరగతులు నడిపే మస్జిదులు మన ప్రాంతంలో ఉన్నాయి. ఫజర్ నమాజు తర్వాత పిల్లలు ఖురాన్ పారాయణం నేర్చుకోవడానికి వస్తారు. అంటే గది ఉంది, చాపలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా పొద్దున్నే పిల్లల్ని పంపే అలవాటు ఉంది. కొత్తగా ఒక సంస్థ కట్టాలంటే కష్టపడవలసినవన్నీ ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఆ తరగతి ముగిశాక ఏడు గంటల నుంచి తొమ్మిది గంటల వరకు లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు చదవడం, స్కాలర్‌షిప్పు ప్రశ్నల సాధన పెట్టుకోవచ్చు. ముప్పై రోజులకు అరవై గంటలవుతుంది. ఊళ్లో డిగ్రీ, బీఈడీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూసే యువతీ యువకులున్నారు. వారికి నెలకు ఇంత అని గౌరవ వేతనం ఇస్తే వారికీ ఆసరా అవుతుంది.

అయితే ఈ తరగతి మన పిల్లలకే అని గిరి గీయకూడదు. ఊళ్లో లెక్కలు బాగా చెప్పే మాస్టారు ఏ ఇంటివారైనా కావచ్చు, భాగహారం రాని పిల్లవాడు ఏ ఇంటి బిడ్డైనా కావచ్చు. మస్జిదులో కూర్చోవడానికి ఎవరికైనా సంకోచముంటే అదే తరగతిని హైస్కూలు వరండాలో పెట్టాలి. తాళం చెవి కోసం ప్రధానోపాధ్యాయుణ్ణి అడగడానికి ముతవల్లీ, సర్పంచి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు కలిసి వెళితే కాదనేవారు అరుదు. బడిలో జరిగితే భోజనం అడగడం కూడా తేలిక.

భాష విషయంలో మన పిల్లలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, పారాయణంలో అరబీ. నూర్‌బాషా దూదేకుల కుటుంబాల్లో ఇంటి భాషే తెలుగు కాబట్టి వారికి కొంత నయం. నాలుగు భాషల నడుమ నలిగిన పిల్లవాడు ఏ ఒక్కదానిలోనూ ధారాళంగా చదవలేకపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో వస్తున్నాయి. వేసవిలో ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి గట్టిగా చదివిస్తే చాలు, సగం భయం పోతుంది.

రోజులు కూడా చూసుకోవాలి. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చిన బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2026 నుంచి కొన్నేళ్ల పాటు వేసవి సెలవుల మధ్యలోనే వస్తుంది. పండుగ ముందు వారం తరగతి పెడితే గది ఖాళీగానే ఉంటుంది. ఏప్రిల్ చివరి వారంలో మొదలుపెట్టి, పండుగకు విరామమిచ్చి, బడి తెరిచే ముందు మరో వారం నడపడం మంచిది.

అభ్యంతరాలకు సమాధానం

పిల్లలకు ఆటలు వద్దా అని కొందరు అడుగుతారు. తప్పక కావాలి. పట్టణాల్లో వేసవి పేరుతో రోజంతా ఫౌండేషన్ కోర్సుల్లో కుదేయడం పిల్లల మీద దౌర్జన్యమే. వేసవిలో తరగతులు నడపవద్దని ఇంటర్ బోర్డు కాలేజీలను హెచ్చరించవలసి రావడం ఆ జాడ్యానికి నిదర్శనం. ఆ జాడ్యాన్ని వెలిగండ్లకు తెమ్మని ఎవరూ అనడం లేదు. రోజుకు రెండు గంటలు పోగా మిగిలిన పగలంతా పిల్లలదే.

ఉపాధ్యాయులకు సెలవులు వద్దా అన్నది రెండో ప్రశ్న. అది వారి హక్కు. సెలవుల్లో పనిచేసిన రోజులకు నిబంధనల ప్రకారం సంపాదిత సెలవు జమచేస్తూ ఉత్తర్వు ఇస్తే ముందుకొచ్చే ఉపాధ్యాయులు ఉంటారు. ఉత్తర్వు లేకుండా త్యాగం చేయమనడం తగదు.

ఇక మూడోది, రెండు గంటల తరగతితో పేదరికం పోతుందా అన్నది. పోదు. నల్లమల సొరంగాల గుండా రావలసిన వెలిగొండ నీళ్లు పొలాలకు చేరాలి, ఫ్లోరైడ్ లేని తాగునీరు రావాలి, ఊళ్లో పని దొరకాలి. కానీ వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది పుట్టిన బిడ్డ చదువు వయసు నీళ్ల కోసం ఎదురుచూస్తూనే గడిచిపోయింది. ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆగే శక్తి నేలకు ఉండవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి లేదు. వాడికి ఆ వేసవి ఒక్కసారే వస్తుంది.

అందుచేత ఈ వచ్చే వేసవికి ముందే మూడు పనులు జరగాలి. ఏడో తరగతి చదువుతున్న పిల్లల జాబితా ప్రతి వీధిలో రాసుకోవాలి. రెండు గంటల తరగతికి గది, మనిషి ఎవరో మార్చి నెలలోనే తేల్చుకోవాలి. కరువు మండలమైతే వేసవి భోజనం కోరుతూ సుప్రీంకోర్టు ఉత్తర్వు తేదీతో సహా రాసి మండల విద్యాధికారికి, కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. జుమా నమాజు తర్వాత పది నిమిషాలు కూర్చుంటే మొదటి రెండు పనులు అయిపోతాయి. మూడోదానికి ఊరంతా సంతకం చేయాలి.

పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం దేశంలోని పిల్లలకు పలకలు చేసి పంపిన ఊరు. పలక ఉన్నంత మాత్రాన అక్షరం రాదని, పక్కన కూర్చుని దిద్దించే చేయి ఉండాలని ఆ ప్రాంతపు పెద్దలకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ వేసవిలో ఆ చేయి ఎవరిదో తేల్చుకోవడమే మిగిలింది.